కూరలో ఏం వేశావు

కాగితం మీద రెండు గళ్ళున్నాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి, గడువు తీరిన సొమ్ము తీసుకుంటాను అన్నది ఒకటి, మళ్ళీ దాచుకుంటాను అన్నది ఇంకొకటి, టిక్కు పెట్టడానికి పెన్ను కూడా ఉంది, కాకపోతే దాన్ని దారంతో బల్లకి కట్టేశారు, జనం సొమ్ము ఏళ్ళ తరబడి వీళ్ళ దగ్గర ఉండొచ్చు గానీ వీళ్ళ పెన్ను జనం దగ్గర ఒక్క నిమిషం ఉండకూడదు, ఆ దారం కూడా ఎంత పొట్టిదంటే రాసేవాళ్ళు బల్ల ముందు దణ్ణం పెడుతున్నట్టు నడుం వంచాలి, నేనూ వంగాను, రెండు గళ్ళనీ కాసేపు చూశాను, ఏమీ పెట్టకుండానే లేచి కాగితం మడిచి చేత్తో పట్టుకుని వచ్చి ఈ ఇనప కుర్చీలో కూర్చున్నాను. పొదుపు కార్యాలయం హాలు నిండా మనుషులే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి మాత్రం కౌంటర్ల లోపలివాళ్ళకే తగులుతోంది. గోడ మీద ఎర్ర అంకెల పలక ఒక్కో టోకెన్నీ నెమ్మదిగా, ఇష్టం లేని పెళ్ళిచూపులకి పిల్లని పంపినట్టు బయటికి పంపుతోంది, నా అంకె రావడానికి తక్కువలో తక్కువ గంట పడుతుంది. గంటలో టిక్కు పెట్టలేకపోతానా. పొద్దున ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "మళ్ళీ వేసెయ్, మర్చిపోకు" అన్నారు, పాలవాడికి డబ్బులిచ్చెయ్ అన్నంత తేలిగ్గా. "తీసుకుంటేనో?" అన్నాను. "మన ఇళ్ళల్లోవాళ్ళే తీసేసుకుంటే బయట జనం ఏమనుకుంటారే? ఆఫీసులో ఎవరెవరి ఇళ్ళవాళ్ళు తీసుకున్నారో పైవాళ్ళు ఆరా తీస్తున్నారు" అన్నారు. జనం ఏమనుకుంటారోనని ఆయన బెంగ, పైవాళ్ళు ఏమనుకుంటారోనని ఆయన బెంగ, నేను ఏమనుకుంటానో అన్నది మాత్రం ఆయనకి ఎప్పుడూ బెంగ పుట్టించలేదు, నేను ఏమనుకున్నా చివరికి అన్నం వడ్డిస్తానని ఆయనకి తెలుసు.

ఇది అమ్మ డబ్బు. అమ్మ పోయాక ఆ పాత ఇల్లు అమ్మినప్పుడు అన్నయ్య నా వాటా లెక్కకట్టి, నేను అడక్కుండానే, సంచిలో పెట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "ఇదిగో చెల్లాయ్, దీంతో ఇల్లు కొనుక్కో, ఇంకేం చెయ్యకు, మీ ఆయనకి అస్సలు ఇవ్వకు" అన్నాడు, ఆయన పక్క గదిలోనే ఉన్నారని తెలిసీ గొంతు తగ్గించలేదు. అప్పటికే ఇల్లు చూసిపెట్టుకున్నాను నేను, బస్సు ఆఖరి స్టాపు దాటాక ఉండేది, రెండు గదులు, వంటింట్లో గట్టు నా నడుం ఎత్తుకి సరిగ్గా సరిపోయేది, ఆ గట్టు మీద చెయ్యి పెట్టి చూసుకుని ఇక్కడ డబ్బాలు, ఇక్కడ పొయ్యి, ఇక్కడ నుంచుని కిటికీలోంచి పిల్ల బడి నుంచి రావడం చూడొచ్చు అని మొత్తం సంసారం మనసులో సర్దేసుకున్నాను. ఆ రాత్రి ఆయన మంచం మీద నాకు ధరల పాఠం చెప్పారు. ఆయన ధరల ఆఫీసులో పనిచేస్తారు. ఊళ్ళో ఇళ్ళు ఏం కొంటున్నాయో, దేనికెంత పెడుతున్నాయో కనుక్కుని నెలనెలా ఒక సూచీ కట్టడం వాళ్ళ పని. "ప్రభుత్వం కొత్త పొదుపు పత్రం తెచ్చిందే, దాన్ని మా సూచీకే ముడిపెట్టారు, ధరలు ఎంత పెరిగితే నీ డబ్బూ అంత పెరుగుతుంది, ఇల్లు ఎక్కడికీ పోదు, ఎన్నేళ్ళాగినా అదే డబ్బుకి అదే ఇల్లొస్తుంది, పైన కాస్త వడ్డీ కూడా" అన్నారు. నేను అర్థశాస్త్రంలో మొదటి తరగతి, ఆయన అదే శాస్త్రంలో అత్తెసరు, ఉద్యోగం ఆయనకొచ్చింది, వంటిల్లు నాకొచ్చింది, అందుకని పాఠం ఆయన చెప్పారు, నేను విన్నాను. నిజానికి పాఠంలో తప్పేం లేదు. సూచీ నిజం చెప్పినంతకాలం ఆ పత్రం బంగారమే.

"మీరు తీసుకోవడానికా అమ్మా, మళ్ళీ వెయ్యడానికా?" అని పక్క కుర్చీ అడిగింది. తల తిప్పితే మా వీధి చివర ఉండే నర్సమ్మగారు, పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు, మా పిల్లకి చిన్నప్పుడు సూదులన్నీ ఆవిడే వేశారు, ఇప్పటికీ ఆవిణ్ణి చూస్తే కాలేజీకెళ్ళే పిల్ల కూడా భుజం తడుముకుంటుంది. మోకాళ్ళ మీద రెండు అరచేతులూ వేసుకుని, వాటిని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు పట్టుకుని కూర్చున్నారు. "నాదీ ఇవాళే తీరిందమ్మా, రిటైరైనప్పుడు వచ్చిందంతా ఇందులోనే పడేశా, ఈ మోకాళ్ళు మార్పించుకుందామని. డాక్టరు బాబు పోయినేడు ఒక రేటు చెప్పాడు, మొన్నెళితే ఇంకో రేటు చెప్పాడు, ఏం బాబూ నా మోకాళ్ళేమన్నా పెద్దవైపోయాయా అన్నా" అని నవ్వారు. నేనూ నవ్వాను. "ఇప్పుడు తీసుకుంటే ఒక మోకాలికి సరిపోతుందిట. ఒక్క కాలు బాగుచేయించుకుని ఏం చేస్తాను, తొక్కుడుబిళ్ళ ఆడనా? ఇంకోసారి వేస్తే రెండిటికీ అవుతుందేమోనని. మీ ఆయన ధరల ఆఫీసు కదమ్మా, ఆయనకి తెలీకుండా ఉంటుందా, ఏమంటారు?" నోరు తెరిచాను. నాకు తెలిసిందంతా నాలుక చివరికి వచ్చింది, వచ్చి అక్కడే ఆగింది, భర్త ఆఫీసు గురించి బయట మాట తూలకూడదు అన్నది ఎప్పుడు నేర్చుకున్నానో గుర్తు లేదు, ఇంటికొచ్చినవాళ్ళ ముందు కూరలో ఉప్పు తక్కువైనా ఆయన మొహం చిట్లించకుండా తింటారు చూడండి, అలాంటి ఒప్పందం అది, ఆయన మానం నేను, నా మానం ఆయన. "మళ్ళీ వేసెయ్యమన్నారండీ" అన్నాను. అబద్ధం కాదు, పొద్దున ఆయన అన్న మాటే. ఆవిడ ప్రాణం లేచొచ్చినట్టు "ఇంకేం మరి" అని, మోకాళ్ళని బతిమాలి లేపుకుని, కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళి వంగారు.

ఎదురుగోడ మీద పోస్టరులో ఒక కుటుంబం నవ్వుతోంది, తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, అందరికీ పళ్ళు బాగున్నాయి, కింద పెద్ద అక్షరాల్లో మీ పొదుపు, దేశానికి మలుపు అని రాసుంది. దేశం మలుపులు తిరుగుతూనే ఉంది పాపం. కొత్త సచివాలయం కట్టారు, అందులో ఉద్యోగులకంటే మెట్లెక్కువ. దాని ముందు రోడ్డు మధ్యలో దీపాల ఫౌంటెన్లు పెట్టారు, మాకు కుళాయి రాని రోజుల్లో కూడా అవి నాట్యం చేస్తుంటాయి. ఆ తర్వాత ఆటల మైదానం. ఎన్నికలకి ముందు అందరికీ ఏదో ఒకటి, మాకూ ఒక గ్రైండరు వచ్చింది, వచ్చినప్పుడు నేను కూడా సంతోషించాను, అందులో రుబ్బడానికి పప్పు కొనడానికి వెళ్ళినప్పుడే ఆ గ్రైండరు ఖరీదు నాకు తెలిసింది. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి అంటే పన్నులు పెంచలేదు, ఖర్చు తగ్గించలేదు, నోట్లు వేశారు. మాకది మొదట వాసనలో తెలిసింది. ఒకటో తారీకు ఆయన జీతం తెస్తే ఆ నోట్లు అప్పుడే పుట్టినంత కొత్తగా, అంచులు వేలు కోసేంత పదునుగా, సిరా వాసన వేస్తూ ఉండేవి, పిల్ల వాటిని మొహానికి ఆనించుకుని వాసన చూసేది, నేనూ చూసేదాన్ని, అది మా ఇల్లు కరిగిపోతున్న వాసన అని తెలీక. మా నాన్న ధర్మాత్ముడు. ఎవరు కనిపిస్తే వాళ్ళని కాఫీకి రమ్మని ఇంటికి తీసుకొచ్చేవాడు, ఇద్దరికని చెప్పి ఆరుగురితో దిగేవాడు. అమ్మ వంటింట్లో ఒక్క మాట అనకుండా పాలల్లో నీళ్ళు పోసేది. గ్లాసులు అవే, నిండుగానే ఉండేవి, ఎవరి గ్లాసూ తగ్గలేదు, హాల్లో నాన్నని అందరూ మెచ్చుకునేవాళ్ళు, చివరిది నాది, అమ్మ కళ్ళలోకి చూడకుండా తాగేదాన్ని. కాలేజీలో మేడమ్ ద్రవ్యోల్బణం అని బోర్డు మీద రాసి, సరుకు పెరగకుండా డబ్బు పెరిగితే డబ్బు పలచనవుతుంది అని వివరిస్తుంటే నాకు ఆ గ్లాసు గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఎందుకు నవ్వుతున్నావు అని మేడమ్ నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు మేడమ్, కూర్చోమంటారా.

అయినా ప్రభుత్వం మీద నాకంత కోపం లేదు, ప్రభుత్వం నాకేమీ చుట్టం కాదు, అది నన్ను పెళ్ళి చేసుకుని తీసుకురాలేదు, దానికి నేను పక్క వెయ్యలేదు. ధరలు పెరగడం మొదలయ్యాక నేను చేసిన సంసారం ఇంకెవరైనా చేసి ఉంటే చూపించండి. ముందు మాంసం మానేసి గుడ్లు తెచ్చాను. గుడ్లు ఎక్కాక గుడ్లు తగ్గించి పప్పు పెంచాను, పప్పు కొండెక్కాక ఏ పప్పు చవగ్గా ఉంటే ఆ పప్పు. టమాటాలు లేనప్పుడు పులుపుకి రెండు పుల్లమామిడి ఒరుగులు, అవీ లేకపోతే నిమ్మరసం. నూనె సీసాలోంచి నేరుగా పొయ్యడం మానేసి చెంచాతో, ఆ తర్వాత చిన్న చెంచాతో, ఆ తర్వాత మూకుడు మీద గుడ్డతో రాయడం. మంచి సబ్బు బదులు బట్టలసబ్బు బంధువు లాంటిది ఒకటి. పాత దుప్పట్లు కర్టెన్లయ్యాయి, పాత కర్టెన్లు దిండుగలీబులయ్యాయి, దిండుగలీబులు మూకుడు గుడ్డలయ్యాయి, మా ఇంట్లో బట్టకి మరణం లేదు, జన్మలే. ఒక్కపూట కూడా కంచంలో తక్కువైనట్టు కనిపించనివ్వలేదు, అదే నా గొప్ప. వడ్డించి పక్కన నిలబడితే ఆయన మొదటి ముద్ద తిని తల పైకెత్తి "చాలా బాగుందే, కూరలో ఏం వేశావు?" అనేవారు. ప్రతిసారీ. "దేనికి బదులు ఇది వేశావు?" అని కూడా. ఆ మాటకి నేను కరిగిపోయేదాన్ని. మా వదిన ఒకసారి మా ఇంట్లో వారం రోజులు ఉండి ఇదంతా చూసి, వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని "ఎంత అదృష్టవంతురాలివే, మీ అన్నయ్య కంచంలో చెప్పు ముక్క వేసినా చూడకుండా నమిలేస్తాడు, మీ ఆయన చూడు, కూరలో ఏముందో అడుగుతాడు" అంది, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. నేను చెప్పేదాన్ని, గుడ్డు బదులు ఇది, నూనె ఇంత తగ్గించాను, మొత్తం మీద పోయిన నెలకంటే ఒక్క పైసా ఎక్కువ అవలేదు తెలుసా అని, బడిలో మార్కులు చూపించే పిల్లలాగా. ఆయన "అబ్బో" అనేవారు. ఆ అబ్బో కోసం వేళ్ళు కాల్చుకున్నాను.

మొన్న వాళ్ళ పెద్దసారు రిటైరవుతుంటే ఆఫీసులోనే టీ, బిస్కెట్లు, కుటుంబాలతో రమ్మన్నారు. ఆయన పక్కసీటు మిత్రుడు, లావుపాటి మనిషి, అందరూ అతన్ని డబ్బా అంటారు, అతనూ తనని డబ్బా అనే పరిచయం చేసుకుంటాడు, బిస్కెట్లు జేబులో వేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "వదినగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలండీ మేమంతా" అన్నాడు. "ఎందుకన్నయ్యగారూ, నేనేం చేశాను?" "ఏం చేశారా! మీ వంటిల్లే లేకపోతే మా సూచీ ఈపాటికి చుక్కలనంటేది. ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా పెరిగింది పెరిగింది అని ఏడుపే, పైవాళ్ళేమో పెరగని ఇళ్ళు చూపించండ్రా అని మా ప్రాణం తీస్తారు. మావాడు ఒక్కడే నెలనెలా ఠంచనుగా పెరగని ఇల్లొకటి తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. నమూనా కుటుంబం! మొదట్లో ఒక్కటే, తర్వాత దాన్నే చూసి మిగతా ఇళ్ళ లెక్కలన్నీ సర్దేసేవాళ్ళం. ఆ ఇల్లాలు మాంసం బదులు గుడ్డంటే మా సూచీ సరుకుల బుట్టలోనూ మాంసం తీసి గుడ్డు, గుడ్డు బదులు పప్పంటే పప్పు." "ఏ ఇల్లాలు?" అన్నాను, అప్పటికే తెలుస్తూ ఉన్నా. "భలేవారే, మీరే! నూనె గుడ్డతో రాస్తారటగా? మా ఆవిడైతే సూచీతో పాటు ఇల్లు కూడా కాల్చేసేది" అని పొట్ట కదిలేలా నవ్వాడు. అవతల ఆయన పెద్దసారు మెళ్ళో దండ వేస్తున్నారు. నా చేతిలో టీ కప్పు ఉంది, చుక్క కూడా పోలేదు, ఇన్నేళ్ళ అలవాటు, దేన్నీ ఒలకబొయ్యను నేను.

దారిలో బస్సులో అడగలేదు, ఇంటికొచ్చి తలుపేసి అడిగాను. ఆయన చొక్కా విప్పుతూ నీళ్ళు నమిలారు. "అందరిళ్ళకీ ఎండలో తిరగాలంటే అవుతుందా, మన ఇల్లూ ఇల్లే కదా, లెక్క లెక్కే కదా" అన్నారు. "పెరిగిన ఇళ్ళు రాసుకెళితే మళ్ళీ వెళ్ళి సరిగ్గా కనుక్కురా అని తిప్పి పంపేవాళ్ళే. మనింట్లో నిజంగానే పెరగలేదు. నేనేం అబద్ధం రాయలేదే." అదీ నిజమే, ఒక్క అబద్ధం లేదు అందులో, నా నోటితో నేనే చెప్పాను, కంచం పక్కన నిలబడి మురిసిపోతూ చెప్పాను. "ఏమని రాశారు నన్ను?" అన్నాను. "సగటు గృహిణి అని." సగటు. ఆ మాట ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకునే ఉంది, మోసం చేశారు సరే, కనీసం ఒక్క మంచి మాట రాయకూడదూ. "గొప్పగా ఉంటుంది అని రాస్తే లెక్కలోకి తీసుకోరే" అన్నారు, నన్ను ఓదారుస్తున్నానే అనుకున్నారు. అప్పుడు నా మెదడులో ఆ పాత మొదటి తరగతి నిద్ర లేచింది, ఒక్కొక్కటే అమర్చుకుంటూ వచ్చింది, నేను గుడ్డు మానేస్తే సూచీ పెరగలేదు, సూచీ పెరగకపోతే అమ్మ డబ్బు పెరగలేదు, అమ్మ డబ్బు పెరగని ప్రతి నెలా బస్సు ఆఖరి స్టాపు దాటాక ఉన్న ఆ ఇల్లు ఇంకో అడుగు వెనక్కి జరిగింది, అంటే పొదుపు చేసి చేసి నా ఇంటిని నేనే, నా చిన్న చెంచాతో, కొంచెం కొంచెంగా తవ్వి అవతల పోశాను. నర్సమ్మగారి మోకాలు కూడా ఆ చెంచాతోనే. ఊళ్ళో ఈ పత్రం కొన్న ప్రతివాళ్ళదీ ఏదో ఒకటి. వాళ్ళెవరికీ తెలీదు, వాళ్ళ డబ్బు మా వంటింట్లో కొలిచారని. ఆ తర్వాత ఆయన భోజనానికి కూర్చున్నారు, నేను వడ్డించాను, మొదటి ముద్ద తిని తల పైకెత్తి ఏదో అనబోయి నా మొహం చూసి ఆగిపోయారు. అప్పటి నుంచీ మా ఇంట్లో కూర గురించి మాటల్లేవు. నాకు బాధ ఎక్కడంటే, చెప్పడానికి సిగ్గేస్తోంది, నా చెవులు ఇంకా ఆ మాట కోసమే చూస్తున్నాయి.

నిన్న అన్నయ్యకి ఫోన్ చేస్తే "ఎంతొస్తోందే?" అన్నాడు. చెప్పాను. సున్నాలు చాలా ఉన్నాయి, చదువుతుంటే ఊపిరి సరిపోలేదు. "మరి ఆ ఇల్లెంత చెబుతున్నారు ఇప్పుడు?" అదీ చెప్పాను. వాడు మనసులో లెక్క కడుతున్నాడు. "స్నానాలగది వస్తుందన్నయ్యా" అన్నాను నేనే, "తలుపు మనం పెట్టించుకోవాలి." వాడు నవ్వలేదు. "తీసెయ్ చెల్లాయ్, ఆ గదికైనా ఇటుకలు కొని పెరట్లో పడెయ్, ఇటుక ఇటుకలాగే ఉంటుంది" అన్నాడు. అద్దె కొంపలో పెరడెక్కడిది. ఇంటావిడ మళ్ళీ అద్దె పెంచుతానంటోంది, లేకపోతే ఖాళీ చెయ్యమంటోంది, తీసుకుంటే ఈ డబ్బుతో ఎక్కడో మారుమూల చిన్న వాటా కొన్నేళ్ళ అద్దె ముందే కట్టి కుదుర్చుకోవచ్చు, రెండేళ్ళాగితే అదీ దక్కదు. ఇంతా తెలిసి టిక్కు పెట్టడానికి ఎందుకింత ఆలోచన. తీసుకుంటే ఆయన పేరు పైవాళ్ళ నోట పడుతుంది, రావలసిన పెద్దసారు కుర్చీ పక్కవాడికి పోతుంది. అవన్నీ కూడా కాదు, తీసుకోవడం అంటే ఆయన మాట మీద నాకు నమ్మకం పోయింది అని కాగితం మీద పెట్టి ఇవ్వడం, అదీ నలుగురూ వేలెత్తి చూపించే చోట, అందరి ముందు. భార్య నమ్మకం పోయినట్టు సర్కారు వారి ముద్ర పడుతుంది దాని మీద. ఎర్ర అంకె కదిలింది. ఇంకొంచెం దగ్గరికొచ్చింది. నర్సమ్మగారు కాగితం నింపుకుని వచ్చి నా ముందు చాపారు, "సరిగ్గా ఉందా చూడమ్మా, ఈ కళ్ళు కూడా మార్పించాలి, ముందు మోకాళ్ళ సంగతి తేలనీ" అని. ఆవిడ టిక్కు లావుగా, గట్టిగా, అవతలి వైపు కూడా కనిపించేలా ఉంది. మళ్ళీ దాచుకుంటాను. "సరిగ్గానే ఉందండీ" అన్నాను.

అప్పుడు ఆయన వచ్చారు. అద్దాల తలుపు తోసుకుని, మెళ్ళో ఆఫీసు కార్డు ఊగుతుండగా, చెమటలు కక్కుకుంటూ. నా కాన్పు నాడు కూడా ఆఫీసు వేళ దాటాకే వచ్చిన మనిషి. పిల్లకేమైనా అయిందేమోనని లేచి నిలబడ్డాను. ఆయన హాలంతా వెతికి నన్ను చూసి, దగ్గరికొచ్చి, నవ్వు మొహం పెట్టుకుని, చుట్టాల ఇంట్లో గుసగుసలాడుతున్నట్టు నా చెవి దగ్గరికి వంగారు.

"ఇచ్చేశావా కాగితం?"

"లేదు."

"అమ్మయ్య. తీసెయ్. మొత్తం. ఇవాళే, ఇప్పుడే."

"పొద్దున మళ్ళీ వెయ్యమన్నారు?"

"పొద్దున సంగతి పొద్దున. ఇప్పుడే మీటింగులో చెప్పారు, మైదానం కాంట్రాక్టరుకి కట్టడానికి ఖజానాలో ఏమీ లేదు. రేపటి నుంచి ఈ పత్రాలకి చెల్లింపులు ఆపేస్తారు, గడువు తీరినవన్నీ వాటంతటవే ఇంకో ఐదేళ్ళకి మారిపోతాయి. పైగా ఇంకో పెద్ద నోటు వేస్తున్నారు. గట్టిగా మాట్లాడకు."

"మరి వీళ్ళందరూ?"

"ఎవరు?" అని నిజంగానే చుట్టూ చూశారు, అప్పుడే మనుషులు కనిపించినట్టు. "నీకెందుకే వీళ్ళ సంగతి, నీ పని చూసుకో. నీ కోసమే కదా పరిగెత్తుకుంటూ వచ్చాను."

నా కోసమే వచ్చారు. ఇన్నేళ్ళలో మొదటిసారి పని వదిలి నా కోసం వచ్చారు, ఒళ్ళంతా చెమట, చెవి మీద ఆ ఊపిరి వెచ్చగా తగులుతోంది, లోపల ఏదో మెత్తబడింది, పోనీలే అనిపించింది, ఎంతైనా నా మనిషి, నలుగురిలో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, ఇంకేం కావాలి. ఆ మెత్తదనం అలాగే ఉండగానే ఇంకొకటి అర్థమైంది, ఆయన ఎప్పుడూ ఇలాగే ఉన్నారు, నా దగ్గర ఒక మాట, జనం దగ్గర ఒక మాట, ఆ జనంలో నన్ను ఎప్పుడు కలుపుతారో, ఎప్పుడు తీసి పక్కన పెడతారో ఆయన ఇష్టం, నిన్నటిదాకా నేను సగటు, ఇవాళ ఒక గంట మాత్రం నేను భార్యని. నర్సమ్మగారు మా ఇద్దరినీ చూసి మురిసిపోతున్నారు. "చూశారా బాబూ, మీరు చెప్పారనే నేనూ మళ్ళీ వేసేస్తున్నా" అని కాగితం ఎత్తి చూపించారు. ఆయన తల ఊపారు. అదే, ఆ తల ఊపడమే. చాలా మర్యాదగా, పెద్దావిణ్ణి గౌరవిస్తున్నట్టు ఊపారు.

"నర్సమ్మగారూ, అది చింపెయ్యండి" అన్నాను. గుసగుసగా అనలేదు. నా గొంతు అంత పెద్దదని నాకూ తెలీదు, పెళ్ళికి ముందు కాలేజీలో వక్తృత్వ పోటీల్లో మైకు లేకుండా మాట్లాడేదాన్ని, అది ఎక్కడికీ పోలేదన్నమాట. "ఇందాక నేను చెప్పింది తప్పు. డబ్బు తీసేసుకోండి, ఇవాళే. రేపటి నుంచి ఇవ్వరట, ఐదేళ్ళు ఆపేస్తారట. మావారు ఇప్పుడే చెప్పారు."

కౌంటరు లోపలి అమ్మాయి నోట్లు లెక్కపెడుతున్న చెయ్యి ఆపింది. వెనక వరసలోంచి ఎవరో "ఎవరమ్మా మీవారు?" అన్నారు. "ఈయనే. ధరల ఆఫీసు." కుర్చీలు ఒక్కసారిగా కీచుమన్నాయి. ఆయన చెయ్యి నా మోచేతిని పట్టుకుంది, నొప్పి పుట్టేలా, "ఏం చేశావే, నా ఉద్యోగం పోతుందే" అని పళ్ళ మధ్య నుంచి అన్నారు, అంటూనే రెండో చేత్తో మెళ్ళో కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకోబోయారు, అది గుండీకి తగులుకుంది, రాలేదు. పోతే పోవచ్చు. పోతే ఎలా బతుకుతామో నాకు తెలీదు, చిన్న చెంచా కంటే చిన్నది ఏముంటుందో ఆలోచించాలి, అది రేపటి సంగతి. నా కాగితం విప్పి హ్యాండుబ్యాగులో ఉన్న పిల్ల పెన్సిలుతోనే తీసుకుంటాను అన్న గడిలో టిక్కు పెట్టాను, పెన్సిలు చెల్లదంటే వాళ్ళనే దిద్దుకోమందాం. అప్పటికే జనం ఆయన చుట్టూ చేరిపోయారు, ఒక ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని, "బాబూ, మీ ఆవిడ చెప్పింది నిజమేనా?" అని అడుగుతున్నాడు. ఆయన నా వైపు చూశారు. బయటివాళ్ళు ఏది అడిగినా పక్కనుంచి అందుకుని సర్దిచెప్పే పని ఇన్నేళ్ళూ నాది. నేను నర్సమ్మగారి చంకల కింద చేతులు వేసి, "రండి, కొత్త కాగితం నేను నింపుతాను" అని ఆవిణ్ణి కుర్చీలోంచి లేపుతున్నాను, చాలా బరువుగా ఉన్నారు ఆవిడ, ఆ మోకాళ్ళు అస్సలు సాయం చెయ్యడం లేదు, నాకు వేరేవైపు చూసే తీరిక లేదు.